తూంకుంటలో చెప్పిన రేటు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గడప దగ్గర కాదు, ఇక్కడ, నా పక్కన. గొంతు పెంచి చెప్పే మాట కాదిది. ఇరవై ఏళ్లకు పైగా దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. వంట చేసినా, నవ్వినా, పదిమందిలో కూర్చుని కథలు చెప్పినా ఇది లోపల కదులుతూనే ఉంది. నా ఇంటాయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రాయడం నాకు పెద్దగా రాదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకర పోతే మీరే సర్దుకుని చదవండి. జ్ఞాపకం మాత్రం దేవుడు గట్టిగా ఇచ్చాడు. ఏ ఇంట్లో ఏ పెళ్ళికి ఎన్ని కిలోల పిండి పట్టించారో, ఆ రోజు ఎండ కాసిందో మబ్బు పట్టిందో, ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో ఇప్పటికీ చెప్పగలను. మరిచిపోయే గుణం ఉంటే ఈపాటికి సుఖంగా ఉండేదాన్ని.

అసలు ముక్క ముందే చెప్పేస్తాను. లేకపోతే ధైర్యం చాలక మధ్యలో వేరే కథలోకి జారిపోతాను. నేను ఒక పెద్దామె చేతి పనిని ఆమెకు తెలియకుండా ఊరికే ఇచ్చేశాను. ఆ తరువాత, ఆ పని బాగాలేదని ఆమెతోనే చెప్పాను. రెండూ అబద్ధాలే. రెండోది మొదటిదాని కన్నా పెద్దది.

ఆమె పేరు రాజవ్వ. శామీర్‌పేట దాటాక అలియాబాద్‌లో మా గోడ పక్క ఇల్లు ఆమెది. నేను కోడలిగా ఆ ఊరికి వచ్చినప్పుడు తొంభైలు మొదలై ఒకటో రెండో ఏళ్లు అయి ఉంటాయి. అప్పుడు అటంతా ద్రాక్షతోటలు. కాపు మీద ఉన్నప్పుడు గాలి కూడా తియ్యగా వచ్చేది. పొద్దున్నే ఆడవాళ్లం తలకు తువ్వాలలు చుట్టుకుని పందిళ్ల కిందికి పోయేవాళ్లం. మధ్యాహ్నం సద్ది విప్పితే ఒకరి కూర ఒకరికి తెలిసేది. రాజవ్వ మాకంటే పెద్దది, ఇంటాయనా కొడుకూ చెరువులో చేపలు పట్టేవాళ్లు. వరసేమీ లేదు గానీ మొదటి రోజు నుంచే ఆమెను అత్తా అని పిలిచాను. ఆమె నన్ను పిల్లా అనేది. కోపం వస్తే కోడలా అనేది.

మా వాడకట్టులో ఎవరింట్లో ఆడపిల్ల పెళ్ళయినా ముందు రాజవ్వకు కబురు పోయేది. ఎందుకంటే సారె. పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు వెంట గంపల్లో సకినాలు పోతాయి కదా. అక్కడ వాటిని ఇల్లిల్లూ పంచుతారు. తీసుకున్న ప్రతి ఆడామె దాన్ని తిప్పి చూస్తుంది. చుట్లు ఎన్ని, సమంగా ఉన్నాయా, మధ్యలో విరిగిందా, నూనె పీల్చిందా. పిల్ల తల్లి ఎట్లాంటిదో ఆ సకినం చూసి తేల్చేస్తారు. అందుకే సారె సకినాలను ఎవరి చేతికి పడితే వాళ్ల చేతికి అప్పగించరు.

రాజవ్వ చుడుతుంటే చూడాలి. బియ్యం నానబెట్టి, వడగట్టి, ఇంకా తడి ఉండగానే గిర్నిలో పట్టించిన పిండి. అందులో నువ్వులు, ఓమ, ఉప్పు. నేల మీద ఉతికిన పాత ధోవతి పరిచి, నడుమ ఆ పిండితోనే గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని మొదలుపెట్టేది. బొటనవేలికీ రెండు వేళ్లకూ మధ్య నుంచి పిండి మెలిక తిరుగుతూ సన్నని తాడులా దిగేది. నాలుగు చుట్లు. చివరికి వచ్చాక కొసను చిటికెన వేలితో ఒక్క నొక్కు నొక్కేది. మొదటి చుట్టు ఎంత ఉందో నాలుగో చుట్టూ అంతే. ఆ పనిలో ఉన్నంతసేపు నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఊరిలో జరిగినవన్నీ ఆ ధోవతి చుట్టూ కూర్చునే మాకు తెలిసేవి.

నాకు నేర్పింది ఆమే. నా మొదటి సకినాలు చూసి, "ఏందే పిల్లా, సకినాలు సుట్టుమంటే వానపాములను వదిలినవ్?" అంది. అందరూ పడి పడి నవ్వారు. నేను ఏడ్చాను. సాయంత్రం ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతి మీద తన చెయ్యి పెట్టి చుట్టించింది. అట్లా ఒక నెల చుట్టించింది. నా వేళ్లకు ఆ మెలిక వచ్చింది ఆ చేతి నుంచే. నేను ఎవరికి ద్రోహం చేశానో మీకు తెలియాలని చెబుతున్నాను.

ఇక ఆ పనికి పైసలు లేవు. మా ఊళ్లో అడగరు, ఇవ్వరు. ఇస్తే తప్పు పట్టుకుంటారు. పని అయ్యాక పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పసుపు, కుంకుమ, ఒక రవికె ముక్క, వాయి నుంచి తీసిన ఐదు సకినాలు పెట్టి ఇస్తారు. అంతే. ఆ రవికె ముక్కలను ఎవరూ కుట్టించుకోరు. ఏ చీరకూ కలవవు. పెట్టెలో పడేసి, ఇంకో ఇంటికి పోయినప్పుడు పెడతారు. రాజవ్వ దాని మీద ఎప్పుడూ నవ్వేది.

"నా పెట్టె తెరిస్తే బట్టల దుకాణమేనే. మొన్న ఒక ముక్క వచ్చింది, సూస్తే నేను పదేండ్ల కింద పెట్టిందే. ఊరంత తిరిగి, మస్తు సుట్టాలను సూసి, మళ్ల నా ఇంటికే వచ్చింది పాపం."

నవ్వేది గానీ, ఆ నవ్వు వెనుక ఇంకోటి ఉందని నాకు అప్పుడు తెలియదు. తరువాత తెలిసింది. తెలిసీ ఆ పని చేశాను.

రెండువేల సంవత్సరం దాటింది. ద్రాక్షతోటలు ఒక్కొక్కటే పోయాయి. పందిళ్లు పీకి, రాళ్లు పాతి, ప్లాట్లు చేశారు. తూంకుంట దిక్కు కొత్త ఇళ్లు లేచాయి. పట్నం నుంచి ఉద్యోగస్తులు వచ్చి దిగారు. వాళ్లకూ ఆడపిల్లలు ఉన్నారు, వాళ్లకూ సారె పెట్టాలి. చుట్టడం రాదు. చుట్టేవాళ్లు ఎవరున్నారని శామీర్‌పేటలో పిండి గిర్ని నడిపే ఆయనను అడిగితే, ఆయన మా ఇద్దరి పేర్లు చెప్పాడు. ఒకరోజు నేను పిండి పట్టించుకోవడానికి పోతే, "తూంకుంటల ఒక అమ్మగారు మిమ్మల్ని పిలుస్తున్నరు. మీ రేటెంతని అడిగిన్రు" అన్నాడు.

మీ రేటెంత. ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. తోటల్లో కూలి మేము చెప్పేది కాదు. దొర చెప్పేవాడు, మేము వినేవాళ్లం. ఇంటికి నడిచి వస్తూ ఆ మాటను నాలో నేనే ఎన్నిసార్లు అనుకున్నానో. నాకు ఒక రేటు ఉందట. దాన్ని నేనే చెప్పాలట.

మరునాడు ఇద్దరం బస్సెక్కాము. కిటికీ పక్కన రాజవ్వ. నేను ఊరుకోలేక మొదలుపెట్టాను.

"ఎంత అడుగుదాం అత్తా?"

"అడుగుడేందే? పెట్టింది తీస్కొని వద్దాం."

"గట్ల కాదు. రేటు సెప్పాలె. రేటెంతని అడిగిందంట."

"రేటా? నేనేమన్న టమాటనా?"

పక్కనే టికెట్లు కొడుతున్న కండక్టర్ నవ్వి, "టమాటకైతే నేనే సెప్పేటోన్ని పెద్దమ్మా" అన్నాడు.

"నువ్వు టికెట్లు కొట్టు బిడ్డా. మా పరేషాన్ మాకున్నది" అంది రాజవ్వ. అని కాసేపు బయటికి చూసి, నెమ్మదిగా తానే ఆలోచనలో పడింది. తోటలో రోజు కూలి ఎంత? వంగి చేసిన పనికి అంతయితే, కూర్చుని చేసిన పనికి ఎంత? కూర్చోవడం సుఖమనుకుంటారు చూసేవాళ్లు. ఒక్క కిలో పిండి చుట్టేసరికి గంటకు పైనే పడుతుంది. మెలిక నేర్చుకోవడానికి పట్టిన ఏళ్లను ఎందులో వేయాలి?

"మోకాళ్లకు గూడ ఏస్కోవే. రెండు కిలోలకే నా మోకాళ్లు లేవయ్" అంది.

అట్లా అటు ఇటు లాగి, పది అంటే మరీ అగ్గువ, ముప్పై అంటే నోరు రాదు, కిలోకు ఇరవై అని తేల్చాము. పని చెరిసగం, ఎవరి పైసలు వాళ్ల చేతికే. రాజవ్వ "ఇరవై" అని పైకి ఒకసారి అనుకుంది, నోట్లో బెల్లం ముక్క వేసుకున్నట్టు. తరువాత నా వైపు తిరగకుండానే అంది:

"ముసల్దాన్నైన. గీ సెయ్యి ఎన్ని పెండ్లిళ్లకు సుట్టిందో లెక్కలేదు. ఒక్కసారన్న గా పళ్లెంల రవికె ముక్క కాకుండ నోటు పడాలె పిల్లా. ఖర్చుకు కాదు. నా సేతికెంత ఉన్నదో సూసుకుంట."

ఈ మాట విన్నాను. బస్సు తూంకుంటలో ఆగడానికి ఇంకా పది నిమిషాలు ఉందనగా, నా చెవులతో నేను విన్నాను.

ఆ అమ్మగారి ఇల్లు కొత్తది. సున్నం వాసన ఇంకా పోలేదు. మనిషి మంచిదే, చెడ్డగా మాట్లాడలేదు. మంచినీళ్లు ఇచ్చింది. నానబెట్టిన బియ్యం ఎట్లా ఉందో చూస్తానని రాజవ్వ వెనుక వరండాలోకి పోయింది. ముందు గదిలో మేమిద్దరమే మిగిలాము.

"కిలోకు ఇరవై అమ్మా" అన్నాను. గొంతు కొంచెం వణికింది గానీ అనేశాను.

"ఇరవయ్యా? మేడ్చల్ నుంచి వచ్చేవాళ్లు పదిహేనుకే చేస్తామన్నారు. మొత్తం ఇరవై కిలోల పిండి. చాలా అయిపోతుందమ్మా. కొంచెం చూసి చెప్పు."

ఇక్కడ నన్ను కొంచెం ఆగనివ్వండి.

పదిహేనుకు ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే ఇద్దరికీ వచ్చేది. తోట కూలి కన్నా అదీ మేలే. కానీ నాకు తోటలో జరిగింది గుర్తుకొచ్చింది. ఒక ఏడు కాపు తక్కువుందని కూలి తగ్గించి ఒప్పుకున్నాము. మరుసటి ఏడు గుత్తులు విరగకాసినా ఆ కూలి మళ్లీ పెరగలేదు. మొదట చెప్పిన రేటు దిగిందంటే ఇక అక్కడే ఉంటుందని నాకు భయం. ఇంకా నిజం చెప్పాలంటే, భయం కాదు. బిడియమూ కాదు. జీవితంలో మొదటిసారి నా నోటితో నా రేటు చెప్పాను. అది చెప్పిన నిమిషంలోనే దిగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. పిల్లల ఫీజు కోసమని మీకు చెప్పొచ్చు, మీరు నమ్ముతారు కూడా. ఆ నెల ఫీజు కట్టేశాము. ఇంట్లో బియ్యం ఉన్నాయి. ఏ ఆపదా లేదు.

"ఆమెకు పైసలద్దమ్మా" అన్నాను.

"అదేంటి?"

"ఆమె పైసలు ముట్టది. గౌరమ్మకు మొక్కుకున్నది. ఆడివిల్ల సారె సుట్టినందుకు రవికె ముక్క తప్ప ఏం తీసుకోదు. నా పది కిలోలకు నాకు ఇరవై లెక్కన ఇయ్యుండ్రి. సాలు."

అమ్మగారి ముఖం మారిపోయింది. కళ్లు మెత్తబడ్డాయి. "ఈ కాలంలో కూడా ఇట్లాంటివాళ్లు ఉన్నారా?" అంది.

"ఆమె ముందట గీ మాట తియ్యకుండ్రి అమ్మా. సిన్నవోతది" అన్నాను.

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో. ముందే అనుకున్నది కాదు. రేటు చెప్పడానికి వణికిన గొంతు ఈ మాటకు వణకలేదు. నా రేటు ఇరవైలోనే నిలబడింది. అది నిలబడడానికి రాజవ్వ చేతిని కింద చెక్కలా పెట్టాను.

రాజవ్వకు రేటు కుదిరిందని మాత్రమే చెప్పాను. రెండు రోజులు మేము చుట్టాము. ఇన్నేళ్లలో నేను చూసిన సకినాలన్నింటిలో అవే బాగా వచ్చాయి. రాజవ్వ తన చేతికి మొదటిసారి రేటు కట్టారనుకుని చుడుతోంది మరి. మామూలు కన్నా తక్కువ మాట్లాడింది. ఒక్కోటి చుట్టి, తల కొంచెం వెనక్కి పెట్టి చూసుకునేది. ధోవతి మీద వరసలు వరసలుగా తెల్లగా, నువ్వుల చుక్కలతో. కిటికీలోంచి ఎండ వాటి మీద పడేది. చుట్టాలామె ఒకరు వచ్చి, "ఇవి మిషన్ మీద చేశారా?" అని అడిగింది. రాజవ్వ తన చెయ్యి ఎత్తి చూపించి, "గిదే మిషను. కరెంటు పోయినా నడుస్తది" అంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనబడుతుంది. దాన్ని తలుచుకుని సంతోషపడే హక్కు నాకు ఉందా? తెలియదు. తలుచుకుంటాను మాత్రం.

రెండో రోజు సాయంత్రం గంపలు నిండాయి. అమ్మగారు నాకు ఒక కవరు ఇచ్చింది. రాజవ్వను చాప మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పళ్లెం చేతికి ఇచ్చి, వంగి కాళ్లకు మొక్కింది. పళ్లెంలో ఆకులు, వక్కలు, ఆకుపచ్చ రవికె ముక్క. రాజవ్వ ఆ ముక్కను కొంచెం పైకి ఎత్తి, కింద చూసింది. మళ్లీ అట్లాగే పెట్టింది. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

బస్టాపులో నిలబడ్డాము. కరీంనగర్ పోయే బస్సులు ఆగకుండా పోతున్నాయి. ఆ రవికె ముక్కను కొంగున ముడేసుకుంది ఆమె. తరువాత అడిగింది:

"కాళ్లు మొక్కింది. పైసలెందుకియ్యలేదే?"

కవరు నా రొండిన ఉంది. అప్పటికీ దారి ఉంది నాకు. ఇద్దరికీ కలిపి ఇచ్చింది అత్తా, అని సగం తీసి ఇస్తే అయిపోయేది. ఆమె నమ్మేది. రెండు రోజుల చాకిరీలో సగం పోతే నేను చచ్చిపోయేదాన్ని కాదు. ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు అడిగానో నన్ను నేను. సగమంటే కిలోకు పదే అవుతుంది. అంత కష్టపడి నిలబెట్టుకున్న ఇరవై పది అవుతుంది. అంత చిన్న లెక్క. దాని కోసం ఈ మాట అన్నాను:

"నీ సకినాలు జర మందంగ వచ్చినయట అత్తా. పట్నపోళ్లు సన్నగుండాలంటరు. అందుకే..."

ఆమె తన కుడిచేతి వేళ్లను చూసుకుంది. అంచుల్లో పిండి ఇంకా ఎండి ఉంది.

"మందమా?"

నేను తల తిప్పి, బస్సు వచ్చే దిక్కు చూశాను.

"ఎన్నడు ఎవ్వరనలేదు..." అని ఆగింది. "అంటే ఇన్నేండ్లు అందరు మొహమాటానికి తిన్నరా పిల్లా?"

బస్సు వచ్చింది. ఎక్కాక కవరులోంచి ఒక నోటు తీసి ఆమె చేతిలో పెట్టబోయాను. వెనక్కి నెట్టింది. "నీ సేతిది నాకెందుకే. నువ్వు సన్నగ సుట్టినవ్, నీకిచ్చిన్రు" అంది. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉన్నా బాగుండేది.

ఆ తరువాతి రోజుల్లో, గోడ అవతల సకినాలు వేగే చప్పుడు వినబడేది. పెళ్ళి లేదు, పండుగ లేదు. ఒకరోజు పోయి చూస్తే, రాజవ్వ ఒక్కతే ధోవతి పరుచుకుని సన్నగా చుట్టడం నేర్చుకుంటోంది. దారంలా తీస్తోంది. నడుమ తెగిపోతోంది. తెగనివి నూనెలో విరిగిపోతున్నాయి. ఆ వయసులో ఆమె వేళ్లకు కొత్త కొలత ఎట్లా వస్తుంది? "వస్తలేదే" అని నన్ను చూసి నవ్వింది. నేను పక్కన కూర్చుని, "ఇట్ల పట్టు అత్తా" అని చూపించాను. అవునండీ, చూపించాను. ఆమెకు నేను నేర్పాను.

తూంకుంట అమ్మగారు ఊరుకోలేదు. పైసలు ముట్టని పుణ్యాత్మురాలని నలుగురికి చెప్పింది. ఆ కాలనీలోనే మరో మూడు ఇళ్లు పిలిచాయి. మూడు ఇళ్లలోనూ నాకు కవరు, ఆమెకు రవికె ముక్క. కాళ్లకు మొక్కడాలు మాత్రం ఎక్కువయ్యాయి. మొదటి రెండుసార్లు ఆమె ఆ ముక్క కింద చూసింది. మూడోసారి చూడలేదు. ఆ తరువాత ఇంకో ఇంటికి పిలుపు వస్తే, "ఇగ నా సెయ్యి పాతదైంది పిల్లా. నువ్వు పో" అంది. తరువాత మా వాడకట్టులో పిలిచినా పోలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పేది. ఊళ్లోవాళ్లు బతిమాలారు, ఎందుకు మానేసిందో ఎవరికీ అర్థం కాలేదు. వాళ్లు మొహమాటానికి అడుగుతున్నారని ఆమె అనుకుంది.

నా పని పెరిగింది. మేడ్చల్ పోయాను, బహదూర్‌పల్లి కాలనీలకు పోయాను. ఇరవై కాస్తా ఇరవై అయిదయింది, నలభై అయింది. వెంట నలుగురు ఆడవాళ్లను తీసుకుపోయేదాన్ని. పని మొదలుపెట్టే ముందు, ఇంటివాళ్ల ముందరే, ఎవరికి ఎంతో అందరూ వినేట్టు గట్టిగా చెప్పేదాన్ని. కొత్తగా నేర్చిన పిల్లకైనా అదే రేటు. "మాట్లాడుకునుడంటే నీదే అక్కా, సాటుమాటు లేదు" అని ఆడవాళ్లు అనేవాళ్లు. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ తూంకుంట ముందు గది గుర్తుకొచ్చేది. నేను నిజంగా మారానా? లేక ఒక్క మనిషికి చేసినదాన్ని పదిమందికి మంచి చేసి కప్పుకుంటున్నానా? పదిమందికి న్యాయం చేస్తే ఒకరికి చేసిన అన్యాయం తగ్గుతుందా? నాకైతే తగ్గలేదు.

ఇంకో నాలుగైదేళ్లకు రాజవ్వ మనవరాలి పెళ్ళి కుదిరింది. సారె సకినాలకు నన్నే పిలిచారు. పోయాను. అదే ఇల్లు, నాకు మెలిక నేర్పిన చోటు. రాజవ్వ గోడకు ఆనుకుని దూరంగా కూర్చుంది. ఒక్క సకినమన్నా చుట్టు అత్తా, మనవరాలికి, అని ఎంతో అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"వద్దు బిడ్డా. పిల్ల అత్తగారింటికి పోయేటియి. నువ్వే సుట్టు. నా లెక్క మందంగ రాకుండ సూడు."

నేను ధోవతి మీదికి వంగిపోయాను. నా కళ్లు ఎవరికీ కనబడకూడదని.

పని అయిపోయాక ఆమె నన్ను చాప మీద కూర్చోబెట్టింది. బొట్టు పెట్టింది. పళ్లెం ఇచ్చింది. పళ్లెంలో రవికె ముక్క లేదు. నోట్లు. నా రేటు ఎంతో ఎవరినో అడిగి తెలుసుకుని, సరిగ్గా పెట్టింది.

"అత్తా, నీ ఇంట్ల పైసలా? నాకద్దు."

"ఎందుకద్దే? కాలనీవోళ్ల దగ్గర తీస్కుంటవ్, నా దగ్గర తీస్కోవా? నా ఇల్లు సిన్నదనా?"

"గట్ల కాదు అత్తా..."

"మరేంది? నీ సేతికి రేటున్నది బిడ్డా. నేను నేర్పిన సెయ్యి అది. ఊరికె సేపిచ్చుకుంటే నాకు సిన్నతనం. తీస్కో."

అప్పుడు చెప్పాలి. ఇల్లు నిండా చుట్టాలు ఉన్నారు నిజమే. ఉంటే ఏం? వాళ్లందరి ముందర చెబితేనే కదా న్యాయం. నోరు తెరిచాను. "అత్తా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో నా మీద ఎంత గర్వం ఉందంటే, దాన్ని పోగొట్టుకోలేకపోయాను. నోట్లు తీసుకున్నాను. కాళ్లకు మొక్కాను. ఆ నోట్లను దాచిపెట్టుకుని ఉంటానని మీరు అనుకుంటారేమో. లేదు. ఖర్చయిపోయాయి. ఉప్పుకో పప్పుకో గుర్తు కూడా లేదు. అంత జ్ఞాపకం ఉన్న నాకు అది ఒక్కటే గుర్తు లేదు.

రెండేళ్లకు ఆమె పోయింది. చివరి రోజుల్లో పక్కన కూర్చుని గంజి తాగించాను. ఎన్నో మాట్లాడుకున్నాము. ద్రాక్షతోటలు, సద్ది మూటలు, నేను చుట్టిన వానపాములు. ఇద్దరం నవ్వాము. మంచి రోజులవి. అది ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడాను. చెబితే ఆమె నన్ను క్షమించేదని కొందరు అనొచ్చు. క్షమిస్తుందనే భయపడ్డానేమో. లేక, ఇన్నేళ్లు తన చెయ్యి మంచిదే అని తెలిసి, ఆ పోయిన ఏళ్ల కోసం ఆమె ఏడుస్తుందని భయపడ్డానేమో. ఇప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకున్నా ఆమెకు ఒరిగేది లేదు.

నన్ను మంచిదాన్ననో చెడ్డదాన్ననో చెప్పమని మిమ్మల్ని అడగడం లేదు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి ఉండాలని ఈ కాగితం తీసుకున్నాను. ఊళ్లోవాళ్లు మొహమాటానికి తినలేదు. ఇష్టపడి తిన్నారు. అలియాబాద్ రాజవ్వ సకినాలు మందంగా రాలేదు. ఏనాడూ రాలేదు. నాలుగు చుట్లు, నాలుగూ ఒకే కొలత. ఆ రోజు తూంకుంటలో ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టి నన్ను రేటు కట్టమంటే, నాకు ఇరవై అయితే ఆమెకు ముప్పై చెప్పాలి. బస్సులో మేమిద్దరం నోరు రాదనుకున్న ముప్పై. అది ఆమె చేతి రేటు. నాకు అప్పుడే తెలుసు.

రాసేశాను. చెయ్యి నొప్పి పెడుతోంది. లోపల ఏమీ తేలికపడలేదు గానీ, ఇన్నాళ్లూ నేను ఒక్కదాన్నే ఎరిగిన మాటను ఇప్పుడు మీరూ ఎరుగుదురు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉండాలి. మీ ఇంట్లో ఎవరు ఏ పని చేసినా, అది బాగుంటే బాగుందని వాళ్లు బతికుండగానే వాళ్ల ముఖం మీద చెప్పే నోరు మీ అందరికీ ఉండాలి.